చెల్లని ఓటు – స్వల్ప మెజారిటీ: అమీర్‌పేట, పంజాగుట్ట ఓటర్లు ఎరిగిన మూడు ఓటింగు పద్ధతులు

హైదరాబాద్ (ప్రత్యేక వ్యాసం): 2020 డిసెంబరు 1వ తేదీన అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల ఓటర్లు హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఎన్నికలలో కాగితపు బ్యాలెట్‌పై స్వస్తిక్ ముద్ర వేశారు. సరిగ్గా 103 రోజుల అనంతరం, 2021 మార్చి 14న, ఇవే వీధులకు చెందిన పట్టభద్రులు శాసన మండలి ఎన్నికలలో ఊదా రంగు స్కెచ్ పెన్నుతో అభ్యర్థి పేరుకు ఎదురుగా అంకె వేశారు. అంతకు పూర్వం 2018 డిసెంబరు 7న శాసనసభకు, 2019 ఏప్రిల్ 11న లోక్‌సభకు జరిగిన ఎన్నికలలో వీరే ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రంపై మీట నొక్కారు. రెండేళ్ల మూడు నెలల వ్యవధిలో ఒకే ఓటరు చేతికి మూడు వేర్వేరు సాధనాలు వచ్చాయన్న మాట. ఒక పద్ధతిలో చెల్లే గుర్తు మరొక పద్ధతిలో చెల్లదు. మండలి బ్యాలెట్‌పై టిక్కు పెట్టినా, పాలక సంస్థ బ్యాలెట్‌పై అంకె వేసినా ఆ ఓటు లెక్కలోకి రాదు. పోటీ హోరాహోరీగా ఉన్నచోట ఇట్టి పత్రాల సంఖ్య గెలుపోటముల నడుమ ఉన్న అంతరాన్ని మించిపోవడం మన రాష్ట్రంలో కొత్త సంగతి కాదు.

ముందుగా ఒక భేదం గమనించవలసి ఉంది. వాడుకలో 'పాడైన ఓటు', 'చెల్లని ఓటు' అనే మాటలు ఒకే అర్థంలో వినిపిస్తున్నప్పటికీ ఎన్నికల నిబంధనల దృష్టిలో అవి రెండూ ఒకటి కావు. ఓటరు పొరపాటున ముద్రను తప్పుగా వేసినా, సిరా ఒలికి కాగితం పాడైనా, పెట్టెలో వేయకముందే ఆ పత్రాన్ని ప్రిసైడింగ్ అధికారికి తిరిగి అప్పగించి, పొరపాటు అనుకోకుండా జరిగినదని ఆయనకు నమ్మకం కలిగించినచో మరొక పత్రం పొందవచ్చును. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలలో 41వ నిబంధన ఈ సౌకర్యాన్ని కల్పిస్తున్నది. తిరిగి వచ్చిన ఆ పత్రాన్ని పాడైనదిగా గుర్తించి రద్దు చేస్తారు, ఓటరు హక్కు మాత్రం చెక్కుచెదరదు. పత్రం ఒకసారి పెట్టెలో పడిన తరువాత లెక్కింపు బల్లపై తిరస్కరణకు గురైతే అది చెల్లని ఓటు. దానికి మరమ్మతు లేదు, ఆ ఓటరు ఎవరో తెలుసుకునే మార్గమూ లేదు. మొదటి సౌకర్యం చట్టంలో ఉన్నదని తెలిసిన ఓటర్లు చాలా తక్కువ. తెలిసినవారు సైతం వెనుక వరుసలో నిలబడిన వారి ముఖాలు చూసి మొహమాటపడి, తప్పు పడిన పత్రాన్నే మడిచి పెట్టెలో వేసి వెళ్లడం కద్దు.

నేరేడ్‌మెట్‌లో నిలిచిపోయిన ఫలితం

2020 పాలక సంస్థ ఎన్నికలు కరోనా పరిస్థితుల నడుమ జరిగాయి. రాజకీయ పక్షాల అభిప్రాయాలు తెలుసుకున్న మీదట రాష్ట్ర ఎన్నికల సంఘం యంత్రాలకు బదులు కాగితపు బ్యాలెట్‌నే ఎంచుకున్నది. 150 వార్డులకు పోలింగ్ జరుగగా, డిసెంబరు 4న లెక్కింపు చేపట్టారు. ఆ సాయంత్రానికి 149 వార్డుల ఫలితాలు వెలువడ్డాయి. ఒక్క నేరేడ్‌మెట్ వార్డు మాత్రం ఆగిపోయింది.

కారణం ఒక రబ్బరు ముద్ర. ప్రతి పోలింగ్ కేంద్రంలోను రెండు రకాల ముద్రలు ఉంటాయి. ఒకటి ఓటరు చేతికి ఇచ్చే స్వస్తిక్ ముద్ర. మరొకటి బ్యాలెట్ పత్రం అసలైనదేనని ధ్రువపరచేందుకు సిబ్బంది దాని వెనుక వేసే, పోలింగ్ కేంద్రం సంఖ్యతో కూడిన ముద్ర. కొన్నిచోట్ల సిబ్బంది పొరపాటున ఈ రెండవ ముద్రనే ఓటర్లకు అందించారు. ఓటరు చేతికి ఏది ఇచ్చారో దానినే తనకు నచ్చిన అభ్యర్థి గుర్తుపై వేసి వచ్చాడు. అందులో అతని దోషం ఏమీ లేదు. కాని నిబంధన ప్రకారం నిర్దేశిత సాధనంతో కాక వేరొకదానితో వేసిన గుర్తు చెల్లదు.

సంగతి గ్రహించిన రాష్ట్ర ఎన్నికల సంఘం లెక్కింపునకు ముందు రోజు రాత్రి ఒక ఉత్తర్వు జారీ చేసింది. స్వస్తిక్ ముద్ర కాక ఇతర ముద్ర ఉన్నప్పటికీ, ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలియుచున్న పత్రాలను చెల్లుబాటు అయినవిగా పరిగణించాలన్నది దాని సారాంశం. దీనిని సవాలు చేస్తూ భారతీయ జనతా పార్టీ మరునాటి ఉదయమే హైకోర్టును ఆశ్రయించింది. హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపివేస్తూ, ఇతర ముద్రలు పడిన పత్రాల సంఖ్య కంటె మెజారిటీ తక్కువగా ఉన్నచోట ఫలితం ప్రకటించరాదని ఆదేశించింది.

ఆ ఆదేశం 150 వార్డులకూ వర్తించినా అది నిజంగా పట్టి ఆపినది నేరేడ్‌మెట్‌నే. అక్కడ తెలంగాణ రాష్ట్ర సమితి (2022లో భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకున్న పక్షం) అభ్యర్థి 504 ఓట్ల ఆధిక్యంలో ఉండగా, ఇతర ముద్రలు పడిన పత్రాలు 544 ఉన్నాయి. ఆ 544 పత్రాలూ సమీప ప్రత్యర్థివే అయినచో ఫలితం 40 ఓట్ల తేడాతో తారుమారై ఉండేది. అన్నీ ఒకరివే కావడం అసంభవమని లోకజ్ఞానం చెబుతుంది. అయినను, విప్పి చూడని కాగితం ఎవరిదో ఊహతో తేల్చడానికి న్యాయస్థానాలు అంగీకరించవు. తదుపరి హైకోర్టు ఆదేశాల మేరకు డిసెంబరు 9న ఆ పత్రాలను లెక్కించారు. తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి 782 ఓట్ల మెజారిటీతో గెలుపొందినట్లు ప్రకటించారు. దీనితో ఆ పక్షం స్థానాలు 56కు చేరాయి. భారతీయ జనతా పార్టీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 స్థానాలు పొందాయి.

ఈ ఉదంతంలో రెండు న్యాయమైన వాదనలు ఎదురెదురుగా నిలిచాయి. సిబ్బంది పొరపాటుకు ఓటరు ఎందుకు నష్టపోవాలి అన్నది ఒకటి. పెట్టెలు తెరవబోయే ముందు రాత్రి ఆట నియమాన్ని మార్చవచ్చునా అన్నది రెండవది. మొదటి వాదనకు నిబంధనలలోనే కొంత ఆసరా కలదు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు వర్తించే 56వ నిబంధన ప్రకారం, పత్రంపై అధికారి వేయవలసిన ముద్ర, సంతకం లేకపోవడం ప్రిసైడింగ్ అధికారి వైఫల్యం వలననే జరిగిందని తేలినచో ఆ కారణంపై ఓటును తిరస్కరించరాదు. కాని ఆ మినహాయింపు అధికారి వేయవలసిన గుర్తుకే గాని, ఓటరు వేయవలసిన గుర్తుకు విస్తరించదు. రెండవ వాదన బలమంతా సమయంలో ఉన్నది. అదే ఉత్తర్వు పోలింగ్‌కు వారం ముందు వచ్చి ఉంటే దానిపై ఇంత వివాదం రేగి ఉండేది కాదు. అయితే పోలింగ్‌కు ముందు, ముద్రలు తారుమారు కాగలవని ఊహించేది ఎవరు?

అదే ఎన్నికలో బి.ఎన్.రెడ్డి నగర్ వార్డు 32 ఓట్ల తేడాతో తేలింది. ఒక అపార్టుమెంటులోని ఓటర్లు మధ్యాహ్న భోజనం ముగించుకొని పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఉంటే మారిపోగల అంతరం అది.

ముద్ర ఎక్కడ పడితే ఏమవుతుంది?

తొలి సార్వత్రిక ఎన్నికలలో ఈ ముద్రల గొడవే లేదు. 1952లోను, 1957లోను ప్రతి అభ్యర్థికి ఆయన గుర్తు అంటించిన వేరొక పెట్టె ఉండేది. ఓటరు పత్రాన్ని ఏ గుర్తూ వేయకుండా తాను కోరిన పెట్టెలో వేసేవాడు. పోటీలో ఎందరు ఉంటే అన్ని పెట్టెలు మోయవలసి రావడం, తెర చాటున ఒక పెట్టెలోని పత్రాలు మరొక పెట్టెకు మారే అవకాశం ఉండటం వలన ఆ పద్ధతిని విడనాడి, అందరి పేర్లు ఒకే కాగితంపై ముద్రించి గుర్తు వేయించే పద్ధతిని 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశవ్యాప్తం చేశారు. చెల్లని ఓటు అనే సమస్య ఇప్పటి రూపంలో అప్పటి నుంచే మొదలైనదని చెప్పవచ్చును.

స్వస్తిక్ ముద్రను ఎంచుకోవడం వెనుక ఒక చిన్న యుక్తి ఉన్నది. తడి ఆరని పత్రాన్ని మడిచినప్పుడు ముద్ర ఎదుటి భాగంపై కూడా అంటుకుంటుంది. ముద్ర గుండ్రనిదో, గుణకారపు గుర్తో అయినచో ఏది అసలు, ఏది మడత వలన అంటినది తేల్చడం కష్టం. స్వస్తిక్ బాహువులు ఒకే దిశకు తిరిగి ఉంటాయి గనుక మడతలో అంటిన ప్రతిబింబం ఎదురు దిశకు తిరిగి కనిపిస్తుంది. లెక్కింపు సిబ్బంది ఆ ఒక్క ఆనవాలుతో అసలు ఓటును గుర్తిస్తారు. ఓటర్లు పత్రాన్ని ముందుగా నిలువుగా, ఆపై అడ్డంగా మడవాలని సిబ్బంది చెప్పడం కూడా ఇందుకే. నిలువు మడత వలన సిరా అంటినా అదే అభ్యర్థి వరుసలో అంటుతుంది.

రిటర్నింగ్ అధికారి పత్రాన్ని తిరస్కరించేందుకు 56వ నిబంధన కారణాలను స్పష్టంగా పేర్కొన్నది. ఓటరు ఎవరో తెలిసిపోయే రాత గాని గుర్తు గాని ఉండటం, అసలు గుర్తే లేకపోవడం, నిర్దేశిత సాధనంతో కాక వేరొకదానితో గుర్తు పెట్టడం, ఒకరికి మించి అభ్యర్థులకు ఓటు వేయడం, ఎవరికి వేశారో తేలని చోట ముద్ర పడటం, పత్రం నకిలీది కావడం, గుర్తించలేనంతగా చినిగిపోవడం అందులో ముఖ్యమైనవి. సంతకం చేసే అలవాటున్నవారు పత్రంపై సంతకం చేయడం, వేలిముద్ర వేసే అలవాటున్నవారు ముద్రకు బదులు వేలిముద్ర వేయడం ఇందులో మొదటి, మూడవ కారణాల కిందికి వస్తాయి. మరికొందరు బ్యాలెట్ పత్రంపై నాయకులకు విన్నపాలు రాస్తారు. రాసిన విన్నపం ఏ నాయకుడికీ చేరదు, ఓటు మాత్రం పోతుంది.

మరొక వైపు, అదే నిబంధన ఓటరును కాపాడుతుంది కూడా. ముద్ర మసకగా ఉన్నదనో, ఒకే అభ్యర్థి వరుసలో రెండు మూడు సార్లు పడినదనో పత్రాన్ని తిరస్కరించరాదు. ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే చాలును. వివాదమంతా ఇద్దరు అభ్యర్థుల వరుసల నడుమ గీతపై పడిన ముద్రల దగ్గరే వస్తుంది. ముద్రలో అధిక భాగం ఎటున్నదో చూడాలని ఒక ఏజెంటు, గీత దాటింది కనుక చెల్లదని మరొక ఏజెంటు పట్టుబట్టడం లెక్కింపు కేంద్రాలలో నిత్యం కనిపించే దృశ్యం. మెజారిటీ వేలల్లో ఉన్నప్పుడు ఈ వాదన రెండు నిమిషాలలో ముగుస్తుంది. పదుల్లో ఉన్నప్పుడు తెల్లవారుతుంది.

అంకె వేయని పట్టభద్రులు

అమీర్‌పేట పేరు చెప్పగానే మైత్రీవనం చుట్టూ వెలసిన కంప్యూటర్ శిక్షణా సంస్థలు, పోటీ పరీక్షల కేంద్రాలు, విద్యార్థుల వసతి గృహాలు స్ఫురిస్తాయి. రాష్ట్రంలో ఇంతమంది పట్టభద్రులు ఒకేచోట మసలే ప్రాంతం మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. ఈ ప్రాంతం హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల నియోజకవర్గంలో భాగం. 2021 మార్చిలో ఆ స్థానానికి 93 మంది పోటీపడ్డారు. అంతమంది పేర్లు పట్టేందుకు బ్యాలెట్ పత్రం వార్తాపత్రిక అంత పరిమాణానికి పెరిగింది, పెట్టెలు కూడా పెద్దవి సమకూర్చవలసి వచ్చింది.

పోలైన ఓట్లు 3,58,348. వాటిలో చెల్లనివి 21,309. అనగా నూరు మంది పట్టభద్రులలో దాదాపు ఆరుగురు తమ ఓటును తామే పోగొట్టుకున్నారు. తొలి ప్రాధాన్యతా ఓట్లలో మొదటి స్థానంలో ఉన్న సురభి వాణీదేవికి, రెండవ స్థానంలో ఉన్న ఎన్.రామచందర్‌రావుకు మధ్య అంతరం 8,021 ఓట్లు మాత్రమే. చెల్లని ఓట్లు ఆ అంతరానికి రెండున్నర రెట్లు మించి ఉన్నాయి. చెల్లిన 3,37,039 ఓట్లలో సగానికి పైగా, అంటే 1,68,520 ఓట్లు గెలుపునకు కావలసి ఉండగా, ఎవరికీ మొదటి లెక్కింపులో ఆ సంఖ్య రాలేదు. అట్టడుగున ఉన్న అభ్యర్థులను ఒక్కొక్కరిని తొలగిస్తూ, వారి పత్రాలలోని తదుపరి ప్రాధాన్యతలను పంచుతూ పోగా మార్చి 20న వాణీదేవి గెలుపు ఖరారైంది. అదే సమయంలో జరిగిన వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానంలోను 21,636 ఓట్లు చెల్లలేదు.

చదువుకున్నవారి ఓట్లే ఎక్కువగా చెల్లకపోవడం విడ్డూరంగా తోచవచ్చును గాని, కారణం చదువులో లేదు, పద్ధతిలో ఉన్నది. ప్రాధాన్యతా ఓటింగులో నిబంధనలు వేరు. '1' అంకె తప్పనిసరి. అది లేకుండా 2, 3 వేసినా ఓటు చెల్లదు. '1' ఇద్దరికి వేసినా, ఒకే అభ్యర్థికి '1'తో పాటు మరొక అంకె వేసినా చెల్లదు. టిక్కు, గుణకారపు గుర్తు, 'ఒకటి' అని అక్షరాలలో రాయడం పనికిరావు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే వేయాలి, జేబులోని సొంత కలంతో వేస్తే ఆ కారణంపైనే తిరస్కరిస్తారు. జీవితమంతా గుర్తుపై ముద్ర వేసిన, మీట నొక్కిన ఓటరు ఆరేళ్లకు ఒకసారి వచ్చే ఈ పద్ధతికి చేయి తిప్పుకోలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా మండలి బ్యాలెట్‌పై పార్టీ గుర్తులు ఉండవు. 93 పేర్లలో ఒక పేరును వెదికి పట్టుకున్న సంబరంలో దాని ఎదుట టిక్కు పెట్టి వచ్చినవారు ఎందరో!

అమీర్‌పేట వసతి గృహాలలో ఉండే యువకులలో అనేకులకు ఓటు ఇక్కడ కాక సొంత జిల్లాలలోనే ఉంటుంది. 2025 ఫిబ్రవరి 27న కరీంనగర్–మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్ పట్టభద్రుల స్థానానికి జరిగిన ఎన్నిక లెక్కలు ఈ కారణంగా నగరవాసులు సైతం గమనింపదగినవి. పోలైన 2,52,029 ఓట్లలో 28,686 చెల్లలేదు. నూటికి పదకొండుకు పైనే. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చిన్నమైల్ అంజిరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్‌రెడ్డిపై సాధించిన ఆధిక్యం 5,106. చెల్లని ఓట్లు ఆ మెజారిటీకి అయిదు రెట్లు దాటాయి. లెక్కింపు మార్చి 3న మొదలైతే మొదటి రోజంతా చెల్లిన పత్రాలను, చెల్లని పత్రాలను వేరు చేయడంలోనే గడిచింది.

ప్రాధాన్యతా ఓటు రాష్ట్రపతి ఎన్నికలోనూ ఉన్నది. 1969లో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి అనే ఇద్దరు ఆంధ్రుల నడుమ జరిగిన పోటీలో తొలి లెక్కింపులో ఎవరికీ కోటా రాలేదు. ద్వితీయ ప్రాధాన్యతల అనంతరం 4,20,077 – 4,05,427 ఓట్ల విలువతో గిరి గెలుపొందారు. అక్కడ ఓటర్లు చట్టసభల సభ్యులే అయినా ప్రతి రాష్ట్రపతి ఎన్నికలోనూ కొన్ని ఓట్లు చెల్లకుండా పోవడం ఆనవాయితీగా వస్తున్నది.

యంత్రం వచ్చిన తరువాత

దేశంలో ఓటింగ్ యంత్రాలను తయారు చేసే రెండు ప్రభుత్వ రంగ సంస్థలలో ఒకటైన ఈసీఐఎల్ ఈ నగరంలోనే ఉన్నది. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి యంత్రం వాడినప్పుడు గెలుపు తేడా 123 ఓట్లు. యంత్రాల వినియోగానికి చట్టంలో ఆధారం లేదన్న కారణంపై సుప్రీంకోర్టు 1984లో ఆ ఎన్నికను పక్కన పెట్టి, యంత్రాలు వాడిన కేంద్రాలలో తిరిగి పోలింగ్ జరిపించింది. అనంతరం చట్టాన్ని సవరించారు. 2004 సార్వత్రిక ఎన్నికలలో దేశమంతటా యంత్రాలే వాడారు. యంత్రంపై రెండు మీటలు కలిపి నొక్కడానికి, గీతపై నొక్కడానికి వీలు లేదు గనుక ఆ మేరకు చెల్లని ఓటు అంతరించింది.

అంతకుముందు పరిస్థితి ఏమిటో అనకాపల్లి చెబుతుంది. 1989 లోక్‌సభ ఎన్నికలలో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ తెలుగుదేశం అభ్యర్థి పి.అప్పలనరసింహంపై గెలిచింది 9 ఓట్లతో. ఇరువురికీ చెరి 2 లక్షల 99 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. కాగితపు బ్యాలెట్ రోజులలో లోక్‌సభ ఎన్నికలలో నూటికి రెండు ఓట్ల వరకు చెల్లకపోవడం సాధారణం. ఆ లెక్కన చూసినా ఆరు లక్షల పత్రాలలో పన్నెండు వేల పత్రాలు పక్కన పడి ఉండాలి. పన్నెండు వేల ప్రశ్నార్థకాల ప్రక్కన తొమ్మిది ఓట్ల జవాబు! లోక్‌సభ చరిత్రలో ఇంతకంటె తక్కువ మెజారిటీ నమోదు కాలేదు. 1998లో నాటి బీహారులోని రాజ్‌మహల్‌లో మరొకసారి సరిగ్గా ఇదే సంఖ్య వచ్చింది.

యంత్రాలు వచ్చినా స్వల్ప మెజారిటీలు పోలేదు. 2018లో ఆసిఫాబాద్‌లో ఆత్రం సక్కు 171 ఓట్లతో, 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు 25 ఓట్లతో, 2023లో చేవెళ్లలో కాలె యాదయ్య 268 ఓట్లతో గెలిచారు. 2018లోనే 441 ఓట్లతో తేలిన ధర్మపురి ఎన్నిక కోర్టుకెక్కి, రికార్డుల పరిశీలనకై 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూము తెరవబోగా తాళం చెవి కనిపించక పెద్ద దుమారమే రేగింది.

యంత్రాల కాలంలో చెల్లని ఓటు ఇప్పుడు తపాలా బ్యాలెట్‌లో తలదాచుకున్నది. పోలింగ్ విధులలో ఉండే ఉద్యోగులు ప్రధానంగా వాడే ఈ పద్ధతిలో ఓటు పత్రం ఒక లోపలి కవరులో, ఆ కవరూ ధ్రువీకరణ పత్రమూ (ఫారం 13-ఎ) కలిసి వెలుపలి కవరులో ఉండాలి. ధ్రువీకరణ పత్రం లేకున్నా, దానిపై ఓటరు సంతకం, అధికారి ధ్రువీకరణ లేకున్నా, అందులోని వరుస సంఖ్య కవరుపై సంఖ్యతో సరిపోకున్నా లోపలి కవరును తెరవకుండానే తిరస్కరిస్తారు. 2019లో గుంటూరు లోక్‌సభ స్థానంలో గల్లా జయదేవ్ మెజారిటీ 4,205 కాగా, కవరుపై వరుస సంఖ్య లేదన్న కారణంతో లెక్కించని తపాలా ఓట్లు సుమారు 9,700. ఇతరులకు ఓటు వేసే విధానం వివరించవలసిన ఉద్యోగులవే ఆ ఓట్లు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో లెక్కింపునకు కొద్ది రోజుల ముందు, ధ్రువీకరించే అధికారి సంతకం ఉండి పేరు, హోదా ముద్ర లేకపోయినా ఆ ఓటును తిరస్కరించరాదని ఎన్నికల సంఘం స్పష్టం చేయగా అది హైకోర్టుకు, ఆపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండుచోట్లా ఎన్నికల సంఘం నిర్ణయమే నిలిచింది. నేరేడ్‌మెట్ ఉదంతంతో పోల్చి చూస్తే, ఇంచుమించు ఒకే తరహా వివరణ ఒకచోట నిలిచి మరొకచోట ఆగిపోయినట్లు కనిపిస్తుంది. రెండింటికీ భేదం లేకపోలేదు. ఇక్కడ వివాదం ధ్రువపరచే అధికారి గుర్తుకు సంబంధించినది, అక్కడిది ఓటరు గుర్తుకే సంబంధించినది.

తపాలా ఓట్ల విషయంలో భారత ఎన్నికల సంఘం ఒక రక్షణ ఏర్పరచింది. గెలుపు తేడా కంటె తిరస్కరించిన తపాలా ఓట్ల సంఖ్య అధికమైనచో, ఫలితం ప్రకటించే ముందు ఆ తిరస్కరించిన పత్రాలన్నింటినీ తప్పనిసరిగా పునఃపరిశీలించాలి, ఆ ప్రక్రియను వీడియో తీయాలి.

తిరస్కరించే చేయి

పత్రాన్ని చెల్లకుండా చేసేది ఎల్లప్పుడూ ఓటరే కాదు. 2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో 36 ఓట్లు పోలవగా, ప్రిసైడింగ్ అధికారి ఎనిమిదింటిని చెల్లనివిగా ప్రకటించారు. మిగిలిన ఓట్లలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థికి 16, ఆమ్ ఆద్మీ పార్టీ అభ్యర్థి కుల్దీప్ కుమార్‌కు 12 వచ్చాయి. ఆ ఎనిమిది పత్రాలపై అధికారి స్వయంగా గీతలు పెట్టడం కెమెరాకు చిక్కింది. సుప్రీంకోర్టు పత్రాలను తన ఎదుటకు తెప్పించుకొని చూసి, ఎనిమిదీ చెల్లుతాయని, అవన్నీ కుల్దీప్ కుమార్‌వేనని ఫిబ్రవరి 20న తేల్చి, 20 ఓట్లతో ఆయనే మేయరని ప్రకటించింది. ఎనిమిది కాగితాలు దేశ అత్యున్నత న్యాయస్థానం బల్లపైకి చేరడం అరుదైన సన్నివేశం.

అమెరికాలో 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడా రాష్ట్రంలో 537 ఓట్ల తేడాపై ఆగింది. అక్కడి కొన్ని జిల్లాలలో ఓటరు కార్డుపై సూదితో రంధ్రం చేయాలి. రంధ్రం పూర్తిగా పడక కాగితపు తునక వేలాడుతున్న కార్డులను ఓటుగా లెక్కించాలా వద్దా అన్న మీమాంసతో నెల రోజులకు పైగా గడిచింది. చివరకు డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పుతో తిరిగి లెక్కింపు నిలిచిపోయింది. ధనిక దేశమైనా, ప్రశ్న మాత్రం గీతపై పడిన స్వస్తిక్ ముద్ర వంటిదే.

ఓడిన అభ్యర్థి తిరిగి లెక్కింపు కోరాలంటే, రిటర్నింగ్ అధికారి అందరి ఓట్ల మొత్తాలను చదివి వినిపించిన తరువాత, ఫలితం ప్రకటించక ముందే కారణాలతో రాతపూర్వకంగా అడగాలి. ఇది 63వ నిబంధన. ఆ క్షణం దాటితే మిగిలేది ఎన్నికల పిటిషన్ మాత్రమే, దానికి గడువు 45 రోజులు. మెజారిటీ స్వల్పంగా ఉన్నదన్న ఒక్క కారణం తిరిగి లెక్కింపునకు చాలదని, నిర్దిష్టమైన ఆరోపణ, ప్రాథమిక ఆధారం ఉండాలని సుప్రీంకోర్టు పలు తీర్పులలో స్పష్టం చేసింది. ఓటు రహస్యాన్ని ఊరికే తెరచి చూడరాదన్నది ఆ వైఖరికి మూలం. ఓట్లు సమానమైనచో చీటీ తీస్తారు, చీటీ వచ్చినవారికి ఒక ఓటు అదనంగా వచ్చినట్లు పరిగణిస్తారు. గ్రామ పంచాయతీ ఎన్నికలలో ఇది తరచుగా జరిగేదే.

కాగితపు బ్యాలెట్‌తో పోలింగ్ జరిగేచోట ఓటరు గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్నే. చేతికి ఇచ్చిన ముద్రను వేసే ముందు ఒకసారి తిప్పి చూసుకోవాలి, స్వస్తిక్ కానిచో అక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పాలి. ముద్ర అభ్యర్థి గుర్తుపైనే, గీతకు దూరంగా వేయాలి. తప్పు పడితే పెట్టెలో వేయక పత్రాన్ని తిరిగి ఇచ్చి మరొకటి కోరాలి. మండలి ఎన్నికలలోనైతే అక్కడి పెన్నుతోనే '1' అంకె వేయాలి. మిగతా అంకెలు వేయడం, మానడం ఓటరు ఇష్టం.